లెసూర్‌లో పొట్టి డాక్టరు ఇల్లు, రోచెస్టర్‌లో ఆయన కొడుకుల ఊరు

మినియాపోలిస్‌కి ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే చూపించాల్సిన చోట్లకి మా తెలుగువాళ్లందరి దగ్గరా ఒకటే లిస్టు ఉంటుంది. మేపుల్ గ్రోవ్ గుడి, మాల్ ఆఫ్ అమెరికా, మిన్నెహాహా జలపాతం, ఓపికుంటే డలూత్. మా అత్తయ్యగారికీ మావయ్యగారికీ మొదటి నెలలోనే అవన్నీ అయిపోయాయి. మావయ్యగారు రేపల్లెలో ఒక డాక్టరుగారి దగ్గర ముప్పై ఏళ్లు కంపౌండరుగా చేసిన మనిషి. "మేయో క్లినిక్ ఇక్కడికి దగ్గరేనటగా, చూపిస్తావా అమ్మా?" అని అడిగారు. ఆస్పత్రి చూడ్డానికి ట్రిప్పేమిటని మా ఆయన నవ్వారు. నేను మాత్రం క్లినిక్ కంటే ముందు దాన్ని మొదలుపెట్టిన మేయో కుటుంబం బతికిన ఇల్లు చూపిద్దామనుకున్నాను. శని, ఆదివారాలు, రెండు రాత్రులు. లెసూర్, మంకాటో, క్లినిక్ ఉన్న రోచెస్టర్.

లెసూర్ మినియాపోలిస్ నుంచి 60 మైళ్లుంటుంది. 169 హైవే మీద నేరుగా పోవడమే. మిన్నెసోటా నది ఒడ్డున నాలుగు వేల మంది ఉండే ఊరు. మెయిన్ స్ట్రీట్‌లోనే మేయో హౌస్. వేసవిలోనే తెరుస్తారు, అదీ కొన్ని రోజులే, కాబట్టి వేళలు చూసుకునే బయలుదేరండి.

విలియం వొరాల్ మేయో 1819లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. పాతికేళ్లు దాటాక అమెరికా వచ్చాడు. ఇండియానాలో కొన్నాళ్లు బట్టలు కుట్టాడు, 1850లో అక్కడే వైద్యం పట్టా తీసుకున్నాడు, మరుసటి ఏడు లూయీస్ రైట్‌ని పెళ్లి చేసుకున్నాడు. అక్కడి మలేరియా చలిజ్వరం వదలకపోవడంతో 1854లో ఉత్తరానికి బండి కట్టాడు. "చలిజ్వరం తప్పించుకోడానికి ఈ మంచులోకి వచ్చాడా మహానుభావుడు!" అన్నారు మావయ్యగారు.

ఈ ఇల్లు 1859లో ఆయన తన చేతులతో కట్టుకున్నది. తెల్లగా, చిన్నగా ఉంటుంది. డాక్టరు ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలట, ఊళ్లోవాళ్లు 'లిటిల్ డాక్టర్' అనేవారట. అది వినగానే మావయ్యగారు గోడకి ఆనుకుని నిటారుగా నిలబడి, అరచెయ్యి నెత్తిమీద పెట్టి, "నాకంటే రెండంగుళాలు తక్కువే" అని తేల్చారు. ఆ తర్వాత ఇల్లంతా సొంత మనిషి ఇంట్లో తిరిగినట్టే తిరిగారు.

వైద్యం గది మేడ మీద ఉంది. ఒక పడకగదినే అలా మార్చుకున్నాడు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో కిందే కూర్చున్నారు. "కాలు విరిగినవాడు ఈ మెట్లెలా ఎక్కేవాడు?" అని మావయ్యగారు అడగమంటే అడిగాను. డాక్టరే గుర్రం మీద రోగి ఇంటికి వెళ్లేవాడని చెప్పారు. "అదీ మరి!" అన్నారాయన, రేపల్లెలో తన డాక్టరుగారి వెనక స్కూటర్ మీద మందుల సంచీ పట్టుకుని తిరిగిన రోజులు గుర్తొచ్చి. వైద్యం ఒక్కదానితో ఇల్లు గడిచేది కాదు. నది మీద పడవ నడపడం, చిన్న పత్రిక, పశువులకి మందులు, ఊరి తగాదాలు తీర్చే పని, అన్నీ చేశాడు. ఆయన లేని రోజుల్లో వచ్చిన రోగులని లూయీస్ చూసుకునేది. "జీతం లేని నర్సన్నమాట" అన్నారు అత్తయ్యగారు కింద నుంచే.

ఈ కుటుంబం కథలో నాకు బాగా మింగుడుపడనిది 1862. ప్రభుత్వంతో ఒప్పందం ప్రకారం రావాల్సిన సొమ్ము రాక, ఆకలితో ఉన్న డకోటా అనే స్థానిక అమెరికన్ తెగవాళ్లు ఆ ఆగస్టులో తిరగబడ్డారు. డాక్టరు న్యూ అల్మ్ అనే ఊరికి గాయపడ్డవాళ్లని చూడ్డానికి వెళ్లాడు. లూయీస్ ఇద్దరు ఆడపిల్లలనీ, ఏడాది దాటిన కొడుకు విల్‌నీ పెట్టుకుని, పారిపోయి వచ్చినవాళ్లకి ఇంట్లో, కొట్టంలో చోటిచ్చింది. ఆడవాళ్లకి మగవాళ్ల బట్టలు తొడిగి కాపలాగా తిప్పిందని చెబుతారు.

లెసూర్ నుంచి పాతిక మైళ్లు పోతే మంకాటో. అదే ఏడాది డిసెంబరు 26న ఇక్కడ 38 మంది డకోటా మగవాళ్లని ఒకేసారి ఉరి తీశారు. అమెరికా చరిత్రలో అంతమందిని ఒక్కసారి ఉరి తీసింది మరెక్కడా లేదు. ఆ రాత్రి డాక్టర్లు శవాలు తవ్వి తీసుకుపోయారు. మర్పియా ఓకినాజిన్ అనే ఆయన శరీరం మేయోకి దక్కింది. ఆ పేరుకి 'మేఘాల్లో నిలబడేవాడు' అని అర్థం. దాన్ని కోసి చూసి, అస్థిపంజరాన్ని ఒక ఇనప గంగాళంలో దాచాడు. కొడుకులిద్దరూ ఎముకల పాఠం నేర్చుకున్నది దాని మీదే. 20వ శతాబ్దం చివర్లో గాని అవశేషాలు డకోటావాళ్లకి తిరిగి చేరలేదు. మేయో క్లినిక్ క్షమాపణ చెప్పింది 2018లో. ఉరి తీసిన చోటు దగ్గర ఇప్పుడు చిన్న పార్కు, 38 పేర్లున్న స్మారకం, రాతి దున్న విగ్రహం ఉన్నాయి. మేం ఉన్నది అరగంటే. మావయ్యగారు పేర్లన్నీ నన్ను చదివి వినిపించమన్నారు. సగం పేర్లు నాకు నోరు తిరగలేదు.

రాత్రికి హైవే పక్కన ఒక మోటల్. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాను గానీ ఏసీ రాత్రంతా రైస్ మిల్లులా మోగింది. పొద్దున టిఫినంటే చల్లటి మఫిన్లు. మంకాటోలో ఆగకుండా ఆ రాత్రికే రోచెస్టర్ వెళ్లిపోయుంటే బాగుండేది. 14 హైవే మీద 85 మైళ్లే.

1863లో సైన్యంలో చేరేవాళ్లని పరీక్షించే సర్జన్‌గా డాక్టరుకి రోచెస్టర్‌లో ఉద్యోగం వచ్చింది, కుటుంబం వెనకే వచ్చింది. 1865లో రెండో కొడుకు చార్లీ ఇక్కడే పుట్టాడు. మంచి మైక్రోస్కోప్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి 600 డాలర్లు తెచ్చాడు డాక్టరు. లూయీస్‌కి నక్షత్రాల పిచ్చి, ఇంటి మీద బురుజులో టెలిస్కోప్ పెట్టుకుంది. మొగుడు కిందకి చూసే అద్దం, పెళ్లాం పైకి చూసే అద్దం. 1883 ఆగస్టులో సుడిగాలి ఊరి ఉత్తర భాగాన్ని నేలమట్టం చేశాక, మదర్ ఆల్‌ఫ్రెడ్ అనే సన్యాసిని ఆస్పత్రి కట్టిద్దామంది. ఇంత చిన్న ఊరికి ఆస్పత్రేమిటని డాక్టరే వెనకాడాడు. ఆమె వదల్లేదు. 1889లో 27 పడకలతో సెయింట్ మేరీస్ తెరిచేనాటికి ఆయనకి 70 ఏళ్లు.

చార్లీ 1911లో కట్టుకున్న మేయోవుడ్‌కి 38 గదులు. గైడుతోనే తిప్పుతారు, టికెట్ ముందే తీసుకోవాలి. తోటలు బాగున్నాయి. కానీ అది డబ్బు వచ్చాక కట్టిన ఇల్లు, జమీందారు బంగళా చూసినట్టే ఉంది. టైం తక్కువైతే వదిలేయండి. డౌన్‌టౌన్‌లో 1928 నాటి ప్లమర్ బిల్డింగ్ మాత్రం చూడండి, పైసా ఖర్చు లేదు. ఒక్కోటి 4 వేల పౌండ్ల కంచు తలుపులు. ఎప్పుడూ తెరిచే ఉంటాయి, పెద్ద విషాదం జరిగినప్పుడే మూస్తారు. 1939లో రెండు నెలల తేడాతో అన్నదమ్ములిద్దరూ పోయినప్పుడు మూశారు. పైన 56 గంటలు మోగుతుంటే అత్తయ్యగారు బెంచీ మీంచి లేవనే లేదు.

రోచెస్టర్‌లో హోటళ్లు రోగుల కోసమే పుట్టినట్టుంటాయి. మాది భూగర్భ దారిలో క్లినిక్‌కి కలిసి ఉన్న హోటల్. అద్దె మోటల్‌కి రెట్టింపు. లాబీలో చక్రాల కుర్చీలు, ఫైళ్లు పట్టుకున్న మనుషులు. రూమ్ ఫ్రిజ్ పనిచేయలేదని చెబితే పది నిమిషాల్లో మార్చారు. బహుశా మందులు పెట్టుకోవడానికి అనుకున్నారేమో. అందులో ఉన్నది పెరుగు.

ఒక్క రోజే ఉంటే లెసూర్, మంకాటో చూసి వెనక్కి రండి. శాకాహారులు తిండి కట్టుకెళ్లండి. మేం నది ఒడ్డున పులిహోర తిన్నాం. మావయ్యగారు మాత్రం డాక్టరు ఎలా పోయాడో చెప్పిందాకా విస్తరి ముట్టలేదు. 91 ఏళ్ల వయసులో ఏదో యంత్రంతో ప్రయోగం చేస్తూ చెయ్యి నలగ్గొట్టుకున్నాడు, ఆ గాయమే 1911లో ప్రాణం తీసింది అని చెప్పాను. "కట్టు సరిగ్గా కట్టలేదేమో" అని గొణిగి, పులిహోర కలుపుకున్నారు.