మారుతి 800 తుప్పు చిల్లులకు ఇంట్లో వేసిన ఫైబర్ ప్యాచ్: ఇన్నేళ్లకు ఏది నిలిచింది, ఏది పోయింది

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లకి తుప్పు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీ ఊచల నుంచి గ్యాస్ స్టవ్ కాళ్ల దాకా ఉప్పుగాలి దేన్నీ వదలదు. మా 2006 మోడల్ మారుతి 800 ఇంజన్ ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. దెబ్బతిన్నదల్లా బాడీయే. డ్రైవర్ డోరు కింది అంచు, ఎడమ వెనక చక్రం మీద ఆర్చ్, ముందు సీటు ఎదురుగా కాళ్లు పెట్టుకునే చోట ఫ్లోరు, ఈ మూడుచోట్లా చిల్లులు పడ్డాయి. 2019 వేసవిలో మూడూ ఇంట్లోనే చేసుకున్నాను. ఆ తర్వాత బండిని దాచిపెట్టలేదు. వానల్లో, బీచ్ రోడ్డు మీద రోజూ తిరుగుతూనే ఉంది.

ముందే చెప్పేస్తాను: డోరు, ఫ్లోరు ఇప్పటికీ బాగున్నాయి. ఆర్చ్ మాత్రం రెండు వర్షాకాలాలు దాటేసరికి మళ్లీ పొంగింది. డోరుకీ ఆర్చ్‌కీ వాడింది ఒకే రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం), ఒకే ఫైబర్ మ్యాట్ (గాజు నారల చాప). తేడా అంతా రేకు వెనకవైపుకి మన చెయ్యి అందడంలో ఉంది.

డోరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. అద్దం మీద పడ్డ వాన నీరు రబ్బరు పక్కనుంచి డోరు లోపలికి దిగుతుంది. అది బయటికి పోవడానికే కింది అంచులో చిన్న రంధ్రాలు ఇస్తారు. వాటిలో మట్టి, ఆకుల చెత్త చేరి మూసుకుపోతే నీరు ఆ మడతలోనే నిలిచిపోతుంది. అంటే రేకుని లోపలినుంచి తింటూ వస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పెయింట్‌ని పైకి నెడుతుంది. మనకి బయట బొబ్బ కనిపించేసరికి లోపల పని సగానికి పైగా అయిపోయి ఉంటుంది. అందుకే ట్రిమ్ (డోరు లోపలివైపు అట్ట) ఊడదీయకుండా డోరు తుప్పు పని మొదలుపెట్టకూడదు. నేను ట్రిమ్, దాని వెనక ఉన్న ప్లాస్టిక్ షీటు తీసి చూస్తే అడుగున గట్టిపడిన మట్టి గడ్డలు గడ్డలుగా వచ్చింది. బయట గోరంత చిల్లు. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటోంది, తిన్నచోట మెత్తగా మోగుతోంది. మెత్తగా మోగినంత మేరా కత్తిరించేస్తే అరచేతి వెడల్పు ఖాళీ మిగిలింది. ఇక్కడ మొహమాటపడితే పని నిలవదు.

గ్రైండర్‌కి వైర్ కప్ (తీగల బ్రష్) బిగించి, ఆపైన 80 నంబర్ శాండ్ పేపర్‌తో, రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాను. మడత సందుల్లో బ్రష్ పోదు కాబట్టి అక్కడ మాత్రం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూశాను. అది తుప్పుని నల్లటి ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. మ్యాట్ అంటుకోవాల్సిన చోట మాత్రం ఆ యాసిడ్ తాలూకు తడి, పొడి ఏదీ ఉండకూడదు. ఉంటే రెజిన్ సరిగా పట్టదు. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పేపర్ కొట్టి, థిన్నర్‌తో శుభ్రం చేశాకే మ్యాట్ వేశాను.

ఫైబర్ షాపులో రెజిన్, అది త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ ద్రవం, గట్టిపడటం మొదలుపెట్టించే హార్డెనర్ మూడూ విడివిడిగా ఇస్తారు. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలపాలి. ఆ తర్వాతే హార్డెనర్. కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంట లేస్తుంది, పేలే ప్రమాదం కూడా ఉంది. రెండూ కొలిచే చెంచాలు కూడా వేరుగా ఉంచుకోండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఈ సీసాల మూతలు తీయొద్దు. ఘాటు వాసన ఉంటుంది కాబట్టి వాకిట్లోనో, మేడ మీదో చేసుకోవాలి. హార్డెనర్ రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం సరిపోతుంది. మే నెల ఎండకి మిశ్రమం చూస్తుండగానే జెల్లీ అయిపోతుంది, అందుకని గ్లాసుకి అడుగున పట్టేంతే కలుపుకుంటూ పోవాలి.

మ్యాట్‌ని డోరు లోపలివైపు నుంచి వేశాను. చిల్లు చుట్టూ రెండంగుళాలు ఎక్కువ వచ్చేలా రెండు పొరలు. బ్రష్‌తో సున్నం వేసినట్టు లాగకూడదు, పొడుస్తూ తడపాలి. తెల్లటి మ్యాట్ పారదర్శకంగా మారితే రెజిన్ పట్టినట్టు, తెల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టు. బయట చిల్లు అంచుల్ని సుత్తితో కొద్దిగా లోపలికి వంచితే పైన పుట్టీకి చోటు దొరుకుతుంది. ఆ పైన ఎపాక్సీ ప్రైమర్, పెయింట్. కింది రంధ్రాల్లోకి రెజిన్ కారకుండా పుల్లలు పెట్టి, గట్టిపడ్డాక తీసేశాను. చివరగా లోపలి మడత పొడవునా వ్యాక్స్ స్ప్రే కొట్టాను. ఆ డోరు కింది అంచు మీద ఈ రోజుకీ ఒక్క బొబ్బ లేదు. తెలుపు రంగు మాత్రం ఎండలో పక్క ప్యానెల్‌తో కలవదు. స్ప్రే డబ్బా పెయింట్‌తో అంతకన్నా ఆశించకూడదనే నా అభిప్రాయం.

కొన్ని షెడ్లలో చిల్లులో పేపరో జాలీనో కుక్కి పైన పుట్టీ మెత్తేస్తారు. నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది. పుట్టీలో టాల్క్ పొడి ఉంటుంది, వెనకనుంచి తేమని పీల్చుకుంటుంది. డెలివరీ రోజు అద్దంలా ఉంటుంది, వానలు పడ్డాక పెచ్చుగా ఊడుతుంది. పుట్టీ ఉన్నది ఎగుడుదిగుళ్లు సరిచేయడానికే, చిల్లు పూడ్చడానికి కాదు.

ఫ్లోరుకి మ్యాట్ వాడలేదు. కాలు ఆనేచోట రేకే మేలనిపించింది. తుప్పు కోసేసి, ప్రైమర్ కొట్టి, 20 గేజ్ రేకు ముక్కని పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ మీద కూర్చోబెట్టి పాప్ రివెట్లు కొట్టాను. డ్రిల్ పెట్టేముందు బండి కిందికి దూరి బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. కార్పెట్ కింది ఫెల్టు తడిస్తే వారాల తరబడి ఆరదు. ప్రతి వర్షాకాలం తర్వాత దాన్ని ఎత్తి ఎండబెడుతున్నాను, ఫ్లోరు నిలవడంలో సగం ఫలితం దానిదే.

అయితే ఏ చిల్లుకైనా ఇది పనికొస్తుందనుకోవద్దు. మారుతి 800కి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డు, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీట్ బెల్ట్ బోల్టుల చుట్టుపక్కల తుప్పు ఉంటే ఫైబర్ గానీ రివెట్లు గానీ వేయకూడదు. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఇలాంటి బిగింపులకి 30 సెంటీమీటర్ల లోపు రేకు బలం తగ్గేంతగా తుప్పు ఉంటే బండిని ఫెయిల్ చేస్తారు. నేను టేపు పట్టుకుని ఆ లెక్కే పాటించాను. నా ఫ్లోరు చిల్లు ఆ దూరానికి బయటే ఉంది కాబట్టే ఇంట్లో చేశాను.

ఇక ఆర్చ్. అక్కడ లోపలి రేకు, బయటి రేకు అంచు దగ్గర కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి. చక్రం చిమ్మే బురద ఆ సందులోకి చేరుతుంది. అక్కడికి బ్రష్ పోదు, మ్యాట్ వేయడానికి వెనకనుంచి దారే లేదు. బయటినుంచే రుద్ది, బయటినుంచే మ్యాట్ వేయాల్సి వచ్చింది. ప్యాచ్ మధ్యలో పగల్లేదు, ఊడలేదు. దాని అంచు కిందనుంచి తుప్పు పాకి, చుట్టూ గీత గీసినట్టు బొబ్బలు లేచాయి. లోపల బతికున్న తుప్పు మీద ఎంత మంచి రెజిన్ వేసినా అంతే.

దాన్ని ఈ వేసవిలో టింకరింగ్ షెడ్‌కి ఇస్తున్నాను. ప్యాచ్‌తో సహా కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తాను. ఇచ్చేముందు బ్యాటరీ వైర్లు, వెనక సీటు, కార్పెట్ నేనే తీసేస్తాను. వెల్డింగ్ వేడికి లోపలివైపు ప్రైమర్ కాలిపోతుంది కనుక, పెయింట్ అయ్యాక వ్యాక్స్ స్ప్రే పైపు దూర్చడానికి లోపలి రేకులో ఒక చిన్న రంధ్రం వదలమని, దానికి రబ్బరు బిరడా పెట్టమని మేస్త్రీకి ఇప్పటికే చెప్పాను.