పూల సిరప్: మరిగించాలా, నానబెట్టాలా? ఏది మేలు?

పూలతో సిరప్ ఎలా చేయాలని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే. నీళ్లు, పంచదార, పూరేకులు ఒకే గిన్నెలో వేసి మరిగించి వడకట్టేయడం. తేలికే, పాకం చక్కగా కుదురుతుంది కూడా. కానీ తాగేటప్పుడు అందులో పువ్వు జాడ ఉంటుందా అంటే, అది ఏ పువ్వు వేశామన్నదాన్ని బట్టి ఉంటుంది. రంగు కోసం వాడే పూలు వేరు, వాసన కోసం వాడేవి వేరు. రెండింటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

రంగు కోసమైతే వేడే మేలు. శంఖుపూలనే చూడండి. వాటి నీలానికి కారణం ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. ఇవి నీళ్లలో కరుగుతాయి, వేడినీళ్లలో ఇంకా త్వరగా దిగుతాయి. కాసేపటికే రేకులు వెలిసిపోతాయి, నీళ్లు సిరాలా అవుతాయి. ఈ పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన లేదు కాబట్టి మరిగించినా పోయేదేమీ లేదు. నిమ్మరసం మాత్రం సిరప్‌లో కలిపేయకండి, గ్లాసులో పిండండి. నీలం ఊదాగా మారడం అప్పుడు కళ్లముందే కనిపిస్తుంది. సగం సరదా అదే కదా! ఎర్ర మందారం కూడా ఈ కోవదే. కాకపోతే దాన్ని ఎక్కువసేపు మరిగిస్తే జిగురు వస్తుంది.

మల్లెల సంగతి పూర్తిగా వేరు. వాటి వాసన వేడి తగలగానే ఆవిరితో పాటు లేచిపోతుంది. పొయ్యి మీద మల్లెల సిరప్ మరుగుతుంటే వంటిల్లు ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం గానీ, ఆ ఘుమఘుమ అంతా సీసాలో ఉండాల్సింది. మల్లెలకు చల్లటి పద్ధతే దారి. ముందు సిరప్ కాచి పూర్తిగా చల్లార్చాలి. తొడిమలు తీసిన పూలు అందులో మునిగేలా వేసి, మూత బిగించి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టాలి. ఇందులో లోటు లేకపోలేదు. పచ్చి పూలలోని తేమ దిగి సిరప్ కాస్త పలచబడుతుంది. పూలు వేడి చూడలేదు కాబట్టి త్వరగా పాడవుతుంది కూడా. కొద్దిగా చేసుకుని వారంలోపు వాడేయడం మంచిది.

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. ఏదో ఒక్క పద్ధతే నేర్చుకుంటానంటే నేను చెప్పేది ఇదే. కప్పు నీళ్లు, కప్పు పంచదార పొయ్యి మీద పెట్టి, పంచదార కరగగానే దించేయండి. తీగపాకం దాకా పోనివ్వకూడదు. పొగలు కాస్త తగ్గాక రెండు కప్పుల గులాబీ రేకులు వేసి మూత పెట్టి అరగంట వదిలేయండి. రేకు మొదట్లో ఉండే తెల్లటి భాగం చేదు, దాన్ని ముందే గిల్లేయాలి. మూత తీసేటప్పుడు దాని లోపల పట్టిన చెమ్మను గిన్నెలోకే విదిలించండి. ఆ బొట్లలో కొంత వాసన ఉంటుంది. రంగూ వాసనా రెండూ ఉన్న గులాబీకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. లావెండర్‌కూ ఇదే, కాకపోతే ఎండు పూలు ఒక్క టేబుల్ స్పూన్, పదిహేను నిమిషాలు చాలు. అంతకు మించితే చేదెక్కి సబ్బు నీళ్లు తాగినట్టుంటుంది.

తాజా పూలా, ఎండు పూలా అన్నది పెద్ద ప్రశ్నేం కాదు. మల్లె తాజాది, లావెండర్ ఎండుది. గులాబీ, శంఖుపూలు ఏవైనా ఫర్వాలేదు. ఎండువైతే తక్కువ వేయాలి, అంతే.

పంచదార పాళ్ల దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. నీళ్లూ పంచదారా సమానంగా వేస్తే చల్లటి సోడాలో ఇట్టే కలుస్తుంది, పువ్వు రుచీ బాగా దిగుతుంది. మల్లెలది తప్ప, ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఆగుతుంది. నీళ్లకు రెట్టింపు పంచదార వేస్తే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది గానీ, చిక్కదనం వల్ల పువ్వు సారం దిగడం నెమ్మదిస్తుంది. చిక్కటి సిరప్పే కావాలంటే పూలను ముందు వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టాక పంచదార కలపండి. ఏదైనా సరే, మసకబారినా, పులిసిన వాసన వచ్చినా పారబోయాల్సిందే.

పూల కొట్లో అలంకరణకు అమ్మేవి వద్దు, వాటి మీద పురుగుమందులు ఉండొచ్చు. గన్నేరు, ఉమ్మెత్త విషం, అందంగా ఉన్నాయని వాటి జోలికి వెళ్లకండి. పేరు కచ్చితంగా తెలియని పువ్వు కూడా అంతే.

మంచి పూలు దొరకనప్పుడు మామూలు సిరప్ చల్లార్చి చెంచాడు రోజ్‌వాటర్ కలుపుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. అయితే సీసా మీద చూసి వంటలో వాడేదే తీసుకోండి, ముఖానికి రాసుకునేది కాదు.