మ్యూజిక్ షాపులో అడ్వాన్స్ కట్టేముందు ఆగండి: పేరున్న షాపులే మూతపడుతున్నాయి

అమెరికాలో పిల్లలకి వయొలినో, కీబోర్డో, గిటారో కొనబోతున్న మనవాళ్లకి ఇది హెచ్చరిక. షాపుకి నూరేళ్ల పేరుంది కదా అని డబ్బు ముందే కట్టేయకండి. 1924లో బ్రూక్లిన్‌లో మొదలైన వాయిద్యాల షాపుల కంపెనీ శామ్ ఆష్ 2024 మార్చిలో 18 షాపులు మూసేస్తున్నామని చెప్పింది. మే నెలకల్లా మిగిలినవీ మూసేస్తూ దివాలా కోర్టుకెక్కింది.

దివాలా వేసిన ప్రతి షాపూ మూతపడదు. గిటార్ సెంటర్ 2020 నవంబర్‌లో చాప్టర్ 11 (వ్యాపారం నడుపుతూనే అప్పులు సర్దుకునే దివాలా పద్ధతి) వేసింది, షాపులు నడుపుతూనే డిసెంబర్‌లో బయటపడింది. గిబ్సన్ కూడా 2018లో గిటార్లు చేస్తూనే గట్టెక్కింది. దాన్ని ముంచింది గిటార్లు కాదు, 2014లో కొన్న ఫిలిప్స్ ఆడియో వ్యాపారం. కానీ గిబ్సన్ చేతిలో ఉన్న కేక్‌వాక్ వాళ్ల సోనార్ అనే మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి 2016లో ‘జీవితకాల అప్‌డేట్లు’ అని డబ్బు కట్టించుకున్నారు, 2017 నవంబర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తయారీనే ఆపేశారు. కంపెనీ బతికినా కొన్నవాళ్లకి మాత్రం నష్టమే.

పోయేది ఎప్పుడూ ముందు కట్టిన డబ్బే: గిఫ్ట్ కార్డు, స్పెషల్ ఆర్డర్ అడ్వాన్స్, షాపు సొంతంగా అమ్మే అదనపు వారంటీ, స్కూల్ ఆర్కెస్ట్రా వయొలిన్‌కి నెలనెలా అద్దె కడుతూ కూడబెట్టుకున్న క్రెడిట్. సరుకు మీద తాకట్టు ఉన్న బ్యాంకులే ముందు తీసుకుంటాయి. వస్తువు అందని అడ్వాన్స్‌కి చట్టంలో కొంత ప్రాధాన్యం ఉంది (2025 ఏప్రిల్ 1 తర్వాత వేసిన కేసుల్లో మనిషికి 3,800 డాలర్ల దాకా), అదీ బ్యాంకుల తర్వాతే. కోర్టు పెట్టిన గడువులోగా ఫారం 410 మీద క్లెయిమ్ వేయకపోతే ఆ ఆశ కూడా ఉండదు.

అందుకే క్రెడిట్ కార్డు మీదే కొనండి. వస్తువు రాకపోతే ఆ చార్జీ ఉన్న స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోగా బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జెల్‌ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి)లో పంపిన డబ్బుకి ఈ రక్షణ లేదు. ‘ఆరు నెలల్లో వస్తుంది’ అనే ఆర్డర్లు అసలు వద్దు, అప్పటికి ఆ గడువు దాటిపోతుంది.

రిపేరుకి ఇచ్చినవాటిని ఈ వారమే ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వక తప్పదంటే సీరియల్ నంబరు, మీ పేరు ఉన్న రసీదు తీసుకోండి. అమ్మిపెట్టమని ఇచ్చిన గిటారైతే ఇంకా ప్రమాదం. అమ్ముడైన డబ్బు షాపు ఖాతాలో కలిసిపోతే మీరూ అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే.

మూసివేత సేల్‌లో తొలివారం తగ్గింపు చూసి మోసపోకండి. తరచుగా దాన్ని లిస్ట్ ధర మీద లెక్కకడతారు, వేరే షాపులో మామూలు ధరే అంతకన్నా తక్కువ ఉండొచ్చు. కొన్నాక వెనక్కి తీసుకోరు, కాబట్టి అక్కడే పరీక్షించండి. గిటారుకి ప్రతి తీగా ప్రతి మెట్టు మీదా మోగాలి. ఆరో తీగని (అన్నిటికన్నా లావైనది) మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి ఏడో మెట్టుకీ తీగకీ మధ్య సందు చూడండి. సుమారు పావు మిల్లీమీటరు ఉంటే బాగున్నట్టు. సందు బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (గిటారు మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) నట్ అరిగిపోలేదు కదా, కీ పట్టి తిరుగుతుందా చూడాలి. అరిగిన నట్ బాగుచేయించే ఖర్చుకి తగ్గింపు మొత్తం హరించుకుపోతుంది. కీబోర్డుకి అన్ని మీటలూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. డిస్‌ప్లే పీస్‌కి అసలు అడాప్టర్ ఉందో లేదో తప్పకుండా అడగండి. ఆ షాపు తయారీదారు అధికారిక డీలరేనా అనీ కనుక్కోండి, కాకపోతే కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు.

పేరున్న షాపు మూతపడుతోందనగానే అదే లోగోతో ‘90 శాతం తగ్గింపు’ అంటూ దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొస్తాయి. ప్రకటన మీద నొక్కకండి, షాపు అసలు చిరునామా మీరే టైప్ చేసి వెళ్లండి.