కాజీపేట మిక్సీ రిపేరు షాపు: పనికి ఐదు స్టార్లు, టైముకు రెండు

ఫాతిమానగర్ నుంచి కాజీపేట స్టేషన్ వైపు వచ్చే దారిలో ఓ చిన్న మడిగ. అందులో ఒకాయన మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు బాగు చేస్తాడు. బోర్డు లేదు, బయట తాడుకు వేలాడే పాత ఫ్యాన్ రెక్కలే గుర్తు. నన్ను అక్కడికి పంపింది మా పక్కింటి పిన్ని. ఆమె ఎన్నడూ చర్చి గడప తొక్కలేదు, అయినా "మీ చర్చాయన దగ్గరికి పో, లేనిది ఉన్నట్టు చెప్పడు" అంది. నిజం చెప్పాలంటే నాకు అనుమానమే వచ్చింది. అంతకుముందు ఇంకో షాపులో గోడ నిండా బైబిల్ వాక్యాలు, కౌంటర్ మీద శిలువ, "ప్రైజ్ ది లార్డ్ అక్కా" అని పలకరింపు, అన్నీ ఉన్నాయి, కొత్త ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) వేశామని డబ్బులూ తీసుకున్నారు, నెల తిరగకముందే మిక్సీ ఆగింది, పాత ఆర్మేచర్ చూపించమంటే పారేశామన్నారు.

ఈయన మిక్సీని తిరగేసి, అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి, ప్లగ్ పెట్టి తిప్పి చూపించాడు. "ఏం కాలేదక్కా, లోడ్ ఎక్కువైతే ఇది బయటికి తన్నుకొస్తది. అల్లం ఎల్లిపాయ కుక్కి వేసినట్టున్నరు. జరసేపు చల్లారనిచ్చి నొక్కితే అయిపోతది." పైసా తీసుకోలేదు. కొన్నాళ్లకు మోటారులో నిజంగానే నిప్పురవ్వలు వస్తుంటే మళ్లీ తీసుకెళ్లాను. కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి, మోటారుకు జార్‌ను కలిపే కప్లర్ పళ్లూ పోయాయి. కొత్తవి వేసి, అరిగిన ముక్కలన్నీ పేపర్లో పొట్లం కట్టి నేను అడగకుండానే చేతిలో పెట్టాడు. నా ముందున్నాయనకైతే "దీనికి పెట్టే పైసలకు ఇంకొన్ని కలిపితే కొత్తదే వస్తది, నేను చెయ్య" అని గ్రైండర్ వెనక్కి ఇచ్చేశాడు.

ఆయన సొంతూరు డోర్నకల్ దగ్గర. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు పనిచేసింది అక్కడే. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడే, అని చెప్పించేవారు. ఈయన నాయనమ్మ ఆ సంగతి పదేపదే చెప్పేదట. మరి షాపులో ఒక్క వాక్యం కూడా పెట్టలేదేంటన్నా అని అడిగితే, "మిక్సీ బాగు కావాల్నని వచ్చినోళ్లకు ముందు మిక్సీ బాగు చేసియ్యాలె గదక్కా, అడిగినోళ్లకు చెప్త" అన్నాడు. మన సంఘాల్లో సాక్ష్యం అంటే మైకు పట్టుకుని ఎప్పుడో జరిగిన అద్భుతం చెప్పడమే అయిపోయింది, వారం పొడుగునా బేరం ఎలా చేశామో ఎవరూ అడగరు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇక గొడవంతా టైముతోనే. రేపు ఇస్తానంటే ఎల్లుండి అనుకోవాలి, ఆ ఎల్లుండి కూడా గ్యారంటీ లేదు, ఫోన్ ఎత్తడు. అదే పిన్ని సద్దుల బతుకమ్మకు సత్తుపిండి పట్టాలని ఇచ్చిన మిక్సీ పండుగ అయిపోయాక చేతికొచ్చింది. ఇందులో నేను ఆయన్ని వెనకేసుకురాను. "అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు చెప్పింది తారీఖులకు కూడా కదన్నా" అంటే నవ్వి, తల గోక్కుని, "ఒక్కన్నే గదక్కా, పని వద్దన బుద్ధి కాదు" అన్నాడు. వద్దనకుండా ఒప్పుకుని ఆలస్యం చేస్తే ఇబ్బంది పడేది ఎదుటివాళ్లే. పిన్ని ఇప్పటికీ అందరినీ అక్కడికే పంపుతుంది, కానీ పంపేటప్పుడు ఆ సత్తుపిండి కథ కూడా చెప్పే పంపుతుంది.

ఆదివారం, గుడ్ ఫ్రైడే బంద్. ఉద్యోగాలు చేసేవాళ్లు శనివారం సాయంత్రం పెందలాడే పోవాలి, చీకటి పడితే షట్టర్ దించేస్తాడు. మిక్సీతో పాటు జార్ కూడా తీసుకెళ్లండి, ఒట్టి మోటారు ఇస్తే కప్లర్ సంగతి తేలదు. పండుగ దగ్గర పడితే మాత్రం ఇచ్చి రావద్దు, అక్కడే కూర్చుని చేయించుకోండి.