దగ్గరి నుంచి దూరానికా, ప్రశ్న నుంచి పాఠానికా?

ప్రాథమిక తరగతుల సాంఘిక శాస్త్రానికి ప్రణాళిక రాయడానికి కూర్చుంటే రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది అందరికీ అలవాటైనదే: ఇల్లు, బడి, ఊరు, దేశం, ప్రపంచం. గత శతాబ్దం మధ్యలో అమెరికా విద్యావేత్త పాల్ హన్నా ఈ వరుసకు బాగా ప్రాచుర్యం తెచ్చారు. రెండోది, ఒక ప్రశ్నను పట్టుకుని దాని చుట్టూ పాఠాన్ని అల్లడం.

పటాల విషయంలో మొదటి దారికే నా ఓటు. పిల్లలను తమ తరగతి గది పటం గీయమనండి. బల్లను పైనుంచి చూసినట్టే గీసి, నాలుగు కాళ్లను మాత్రం నాలుగు వైపులా చాపేవారు ఉంటారు. చూడటానికి అచ్చం తాబేలే! బల్ల మీదికి వంగి చూడమంటే కాళ్లు ఎందుకు కనబడవో వాళ్లకే తెలిసిపోతుంది. ఖండాల పటంతో మొదలుపెడితే ఈ పొరపాటు బయటపడే అవకాశమే లేదు.

మిగతా పాఠాలకు వచ్చేసరికి ఆ వరుస చప్పబడుతుంది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు తెస్తాడని ఏడేళ్ల పిల్లకు కొత్తగా చెప్పాలా? దగ్గరిదే పిల్లలకు అర్థమవుతుందన్న నమ్మకాన్ని విద్యా తత్వవేత్త కీరన్ ఈగన్ తప్పుపట్టారు. రాక్షసుల కథలకు చెవులు రిక్కించే వయసు అది, దూరం వాళ్లకు అడ్డు కాదు.

ఇప్పుడు ఇలా అడిగి చూడండి: "ఉయ్యాల ఎక్కే వంతు ఎవరు నిర్ణయించాలి?" ముందు వచ్చినవాళ్లని ఒకరు, చిన్నవాళ్లని ఇంకొకరు అంటారు. ఓటు పెడదామంటే, ఓడినవాళ్లు మొహం ముడుచుకుంటారు. నియమం, అధికారం, న్యాయం ఆ గొడవలోనే ఉన్నాయి. సుమారు 3,750 ఏళ్ల కిందట బాబిలోనియా రాజు హమ్మురాబి చట్టాలను రాతి మీద ఎందుకు చెక్కించాడన్న ప్రశ్న వేయడానికి అదే అదను.

అయితే ప్రశ్న దారిలో సమయం ఇట్టే కరిగిపోతుంది, చర్చ ఎటో వెళ్లిపోతుంది. చివరికి పిల్లలు ఏం చేసి చూపాలో ముందే నిర్ణయించుకుని వెనక్కి ప్రణాళిక రాయమని అమెరికా విద్యావేత్తలు విగ్గిన్స్, మెక్‌టై 1998లో చెప్పిన పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది. ఉయ్యాల పాఠానికైతే, పిల్లలు ఒక నియమం రాసి, దానితో నష్టపోయేవారెవరో కూడా చెప్పగలగాలి. నేనైతే వారానికి ఒక పీరియడ్ పటాలకు కేటాయించి, మిగతావన్నీ ప్రశ్నకే ఇస్తాను.