సమ్మర్ క్యాంప్‌లో రోబోటిక్స్: క్లాసు బాగుంది, ప్రచారమే అతి

మా కాలనీ సమ్మర్ క్యాంప్‌లో ఈసారి కొత్తగా రోబోటిక్స్ పెట్టారు, మా పాపని చేర్పించాం, చాలా బాగుంది. ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ పిల్లల చేతికే ఇచ్చి చిన్న బండి తయారు చేయించారు. సెన్సార్ పంపిన శబ్దం గోడకి తగిలి తిరిగొచ్చే టైమును బట్టి దూరం లెక్కేస్తుందని పాప నాకే వివరించింది. మోటారు వైర్లు తారుమారై బండి వెనక్కి పోతుంటే, సారు తను చేయి పెట్టకుండా వాళ్లతోనే సరిచేయించారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. కానీ పాంప్లెట్‌లో ఏఐ, డ్రోన్లు అని పెద్ద అక్షరాలతో వేశారే, తీరా చూస్తే డ్రోన్ ఊసే లేదు. పైగా ఒక్కో కిట్‌కి నలుగురు, వెనక నిలబడ్డ పిల్లలు చూస్తూ ఉండిపోయారు పాపం. వచ్చే ఏడాది ఇద్దరికో కిట్ ఇవ్వండి, నేర్పేదే రాయండి, ఫీజు కాస్త పెంచినా కడతాం.