స్టిల్ ఎంఎస్ 382: కోనసీమలో ఐదు నెలలు కోశాక నా మాట

మాది రాజోలు దగ్గర పల్లె. చెట్లు కోసే ముఠా నడుపుతాను, నాతో కలిపి ఐదుగురం. మా నాన్న ఇద్దరు లాగే రంపంతో బతికాడు. 1996 నవంబరు 6 తుపానుకి తోటలకి తోటలు పడిపోతే నాన్నా, పెదనాన్నా సంక్రాంతి దాకా ఆ రంపం అటూ ఇటూ లాగుతూనే ఉన్నారు. నాకప్పుడు పదేళ్లు. రంపానికి కిరసనాయిలు రాయడం నా పని. నేను మోటారు రంపం పట్టి పదహారేళ్లయింది.

మొన్న నవంబరులో స్టిల్ కంపెనీ మోటారు రంపం ఎంఎస్ 382 కొన్నాను. అప్పట్నించీ వారానికి ఐదారు రోజులు కోస్తున్నాను. "అన్నా, ఏది కొనమంటావ్" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే కూర్చుని రాస్తున్నాను. పెరట్లో రెండు మామిడి కొమ్మలు కోసుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. పొద్దున్నే ఆరింటికి తీసి ఎండెక్కే దాకా కోసి, మళ్లీ మూడింటికి పట్టుకునేవాళ్ల కోసం ఈ మాటలు.

ముందు పాత రంపం కథ చెప్పాలి. అది 58 సీసీది, చవగ్గా వచ్చిందని కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. మూడేళ్లు పర్లేదు అనిపించింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఫోన్లు మొదలయ్యాయి. దారికి అడ్డం పడ్డ చెట్టు, కరెంటు తీగ మీద వాలిన చెట్టు, పశువుల పాక మీద పడ్డ చెట్టు. మూడో రోజు మధ్యాహ్నం ఒక రైతుగారి పెంకుటింటి మీద పడిన నిద్రగన్నేరు కొమ్మ కోస్తుంటే రంపం కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. మెకానిక్ సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూపించాడు. పిస్టన్ మీద గోళ్లతో గీకినట్టు నిలువు గీతలు. పెట్రోలు పైపు మెత్తబడి చిట్లింది, గాలి లాగింది, ఆయిల్ కలిసిన పెట్రోలు సరిపడా అందక పిస్టన్ వేడెక్కి పట్టేసింది.

అందులో నా తప్పూ ఉంది. పెట్రోల్లో ఆయిల్ చూపు లెక్కన పోసేవాణ్ణి. కానీ అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పిస్టన్ కిట్ తెప్పిస్తే సైజు కలవలేదు. మళ్లీ తెప్పించారు, రింగు కలవలేదు. పదకొండు రోజులు పోయాయి. తుపాను తర్వాత పదకొండు రోజులంటే ఐదు ఇళ్ల కూలి. పెంకుటిల్లు రైతుగారు వేరే ముఠాని పిలుచుకున్నారు. ఆయన్ని తప్పు పట్టలేను, వాన పడితే ఇంట్లోకి నీళ్లు.

అప్పుడు నాకు తెలిసింది, మనలాంటివాళ్లు ముందు అడగాల్సింది ఎన్ని సీసీ అని కాదు. రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది, ఆగిపోతే ఎన్నాళ్లకి లేస్తుంది అని. రోజుకి గంట వాడే రంపానికీ ఆరు గంటలు వాడే రంపానికీ లోపలి కట్టుబడే వేరు. వృత్తిగా కోసేవాళ్ల రంపాలకి సాధారణంగా క్రాంక్‌కేస్, అంటే ఇంజను అడుగు డొప్ప, మెగ్నీషియంతో చేస్తారు, ఇళ్లలో వాడేవాటికి చాలావరకు ప్లాస్టిక్ ఉంటుంది. వేడికి తట్టుకోవడంలో తేడా అక్కడే వస్తుంది.

రాజమండ్రిలో ఒక డీలర్ దగ్గరికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఉన్న కుర్రాడు ధర చెప్పకుండా ముందు ఏ చెట్లు కోస్తారు, ఎంత లావు, పడిపోయినవా నిలబడినవా అని అడిగాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది. నా జవాబు కూడా చిన్నది కాదు. డెల్టాలో ఒక్క చెట్టుతో సరిపోదు కదా. కొబ్బరి, తాడి పైపైన ఇనుంలా ఉంటాయి, లోపల మెత్తన. వాటి కొయ్యలో ఇసకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి పది దుంగలకే చైన్ పన్ను మొండిపోతుంది. చింత చేవ సంగతి చెప్పక్కర్లేదు. సరుగుడు, సుబాబుల్ సన్నగా ఉన్నా లెక్క మీద కోయాలి, ట్రాక్టర్ నిండాలి. ఇక నిద్రగన్నేరు. కుమారదేవంలో 2024 ఆగస్టులో కూలిపోయిన సినిమా చెట్టు ఈ జాతిదే. దాని కొయ్య మరీ గట్టిది కాదు, కానీ పీచు అటొకటి ఇటొకటి మెలేసుకుని ఉంటుంది, మొదలు నాలుగడుగుల అడ్డం ఉండొచ్చు. బలం లేని రంపం దాంట్లోకి దిగిందంటే సగంలో గొంతు పడిపోతుంది.

మూడు రంపాలు బల్ల మీద పెట్టించాను. స్టిల్ ఎంఎస్ 661 అయితే 91.1 సీసీ, 5.4 కిలోవాట్లు, బార్ (చైన్ తిరిగే పొడుగాటి రేకు) లేకుండానే 7.4 కిలోలు. చేత్తో పట్టుకున్నాను, అంత బరువు రోజంతా మోయడం నావల్ల కాదు. పెద్ద దుంగలు నిలువునా చీల్చే పని ఉన్నవాళ్లకి అది సరి. రెండోది హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ, 70.7 సీసీ. మంచి రంపం, దానితో కోసే ముఠాలు నాకు తెలుసు. నేను తీసుకోకపోవడానికి కారణం ఒక్కటే, మా వైపు మెకానిక్ చేయి స్టిల్ మీద బాగా తిరిగింది. మీ ఊరి మెకానిక్ చేయి దేని మీద తిరిగితే మీరు దానికే వెళ్లండి. చివరికి ఎంఎస్ 382 తీసుకున్నాను. 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు, బార్, చైన్ లేకుండా 6.2 కిలోలు. ధర నా పాత రంపం మీద ఆరు రెట్లు పైనే. బిల్లు చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

బార్లు రెండు తీసుకున్నాను. నిద్రగన్నేరు, చింత మొదళ్లకి 25 అంగుళాలది, మిగతా అన్నిటికీ 20 అంగుళాలది. పెద్ద బార్ ఉంటే గొప్ప అనుకుని కొబ్బరికి కూడా 25 వేసుకునేవాళ్లని చూశాను. అనవసరం. బార్ పొడుగయ్యేకొద్దీ చైన్ పన్నులు పెరుగుతాయి, సానకి టైం పెరుగుతుంది, ముక్కు ఎక్కడ తగులుతుందో కంటికి ఆనదు. 25 అంగుళాలతో అటువైపు నుంచి సగం, ఇటువైపు నుంచి సగం కోస్తే నాలుగడుగుల మొదలు వచ్చేస్తుంది.

మొదటి పెద్ద పని కాలువ గట్టు మీద పడిన నిద్రగన్నేరు. అనుమతి కాయితం ఉంది. గట్టు మీద చెట్టుకైనా సొంత చెట్టుకైనా అనుమతి అడిగే వాల్టా చట్టం ఉందని మర్చిపోకండి, రైతు అడిగాడని కోసేస్తే కేసు మన మీదకొస్తుంది. మొదట్లో ఐదు నిమిషాలు భయంగా కోశాను. తర్వాత రంపం బరువు మీదే వదిలేశాను, నేను నొక్కలేదు. లోపలికి దిగుతూ పోయింది, గొంతు మారలేదు. పాత రంపానికి అదే కోతలో రెండుసార్లు బయటికి తీసి ఊపిరి ఇవ్వాల్సి వచ్చేది. సాయంత్రం చేతులు చూసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కలేదు. పాతదాంతో అన్నం ముద్ద చేయడానికి కూడా వేళ్లు వంగని రోజులున్నాయి.

రంపం ఎంత గొప్పదైనా పన్ను మొండిదైతే దండగ. అందుకే సాన సంగతి వివరంగా చెబుతాను. 25 అంగుళాల చైన్‌కి 42 కోత పళ్లు, అటు 21, ఇటు 21. నాకు 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. బార్‌ని దుంగ గంట్లో బిగించి కూర్చుంటాను. బాగా అరిగిపోయిన పన్నుకి సుద్దముక్కతో గుర్తు పెట్టి, దాని పొడుగుకే మిగతావి కూడా సమంగా వచ్చేలా చూస్తాను. ఆకురాయి లోపలినుంచి బయటికి మాత్రమే తోస్తాను, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేస్తాను. 30 డిగ్రీల వాలు. ప్రతి పన్నుకీ రెండు మూడు తోపులు, అంతకంటే ఎక్కువ పడిందంటే ఆలస్యం చేశామనే. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఇదే పని, ఏడెనిమిది నిమిషాలు. పన్ను ముందుండే గుబ్బ కూడా చూసుకోవాలి, పన్ను కంటే 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి. గుబ్బ ఎక్కువ అరగదీస్తే చైన్ కొయ్యని కరిచి లాగుతుంది, రంపం ఎగిరిపడుతుంది. అరగదీయకపోతే పన్ను కొయ్యని తాకదు. పొట్టు చూస్తే చాలు, అటుకుల్లా రేకులు పడితే పదును ఉన్నట్టు, రాగి పిండిలా పడితే ఆపి ఆకురాయి తీయాల్సిందే. రోడ్డు పక్క చెట్లలో ఫ్లెక్సీల కోసం కొట్టిన మేకులు బెరడు లోపలికి కూరుకుపోయి ఉంటాయి. కోయకముందు గొడ్డలి వెనక్కి తిప్పి బెరడు తట్టి చూడండి. ఒక్క మేకుకి నా చైన్‌లో నాలుగు పళ్లు పోయాయి.

పెట్రోలు విషయంలో నా పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను. కంపెనీ ఆయిల్ అయితే 50కి 1, లీటరుకి 20 మిల్లీలీటర్లు. పశువుల మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి కొనుక్కున్నాను, ఐదు లీటర్ల డబ్బాకి ఐదు సిరంజిలు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది. మా కోనసీమ గాలి సంగతి తెలిసిందే కదా. అందుకే ఏ రోజుది ఆ రోజే కలుపుతాను, రెండ్రోజులు పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేస్తాను. చైన్ ఆయిల్ స్థానంలో బండిలోంచి తీసిన కాలిన ఆయిల్ పోయొద్దు, అందులో ఇనుప పొడి ఉంటుంది, పంపు పోతుంది. పొద్దున్నే ఖాళీ సిమెంటు సంచి మీదికి బార్ ముక్కు చూపించి రేస్ ఇస్తాను. సంచి మీద సన్నటి ఆయిల్ గీత పడితేనే పనిలోకి.

ఇక ఇబ్బందులు. ఈ సైజు రంపం ఏ కంపెనీదైనా బరువే. 25 అంగుళాల బార్, చైన్, పెట్రోలు, ఆయిల్ అన్నీ కలిస్తే ఎనిమిది కిలోలు దాటుతుంది, భుజం పైకి ఎత్తి కొమ్మలు కోయడానికి పనికిరాదు. కొమ్మలకి నా దగ్గర 45 సీసీ చిన్న రంపం వేరే ఉంది. ఒకే రంపంతో అంతా చేద్దామనుకునేవాళ్లకి ఇది నిరాశే. తాడు లాగడానికి బలం కావాలి, అదీ నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు పెట్టి లాగాలి, గాల్లో వదులుతూ లాగకూడదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొబ్బరి కోసేటప్పుడు తడి పీచు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) కవర్‌లో దారంలా చుట్టుకుంటుంది, గంటకోసారి కవర్ విప్పి లాగాలి. ఎయిర్ ఫిల్టర్ రోజుకి రెండుసార్లు దులపాలి.

జనవరిలో ఒకటి జరిగింది. మా బావమరిది పడిపోయిన చింత కోస్తున్నాడు. బార్ ముక్కు పైఅంచు వెనకున్న కొమ్మకి తగిలింది. చైన్ సెకనుకి 20 మీటర్ల పైనే తిరుగుతుంది. రంపం ముఖం మీదికి ఎదురు తన్నింది. ముందున్న గార్డు మణికట్టుకి కొట్టుకుని బ్రేకు పడింది, చైన్ ఆగింది. హెల్మెట్ జాలీకి బార్ తగిలి వంగింది, అంతే. వాడు లేచి నిలబడ్డాడు, నేను కూర్చుండిపోయాను. మా చెల్లెలికి ఏం చెప్పేవాణ్ణి? ఆ సాయంత్రమే అందరికీ రంపం ఆపే గుడ్డ ఉన్న ప్యాంట్లు ఆర్డర్ పెట్టాను. ఆ గుడ్డలో ఉండే పోగులు చైన్‌కి చుట్టుకుని ఆపేస్తాయి. ఉక్కపోతకి కుర్రాళ్లు సణుగుతారు, అయినా వేసుకోనివాడికి రంపం ఇవ్వను. చెవులకి మఫ్స్ కూడా అంతే. 100 డెసిబెల్స్ పైన శబ్దం, పదహారేళ్లకి నా ఎడమ చెవి తగ్గింది, వాళ్లకి తగ్గకూడదు.

ఐదు నెలల్లో రిపేరుకి ఒక్క రోజు కూడా పోలేదు. ఒక ప్లగ్గు, రెండు ఫిల్టర్లు, మూడు చైన్లు, ఒక స్ప్రాకెట్ మార్చాను. అన్నీ రాజమండ్రి నుంచి మర్నాటికి బస్సులో వచ్చాయి. సుబాబుల్, సరుగుడు మాత్రమే కోసేవాళ్లు ఇంత ఖర్చు పెట్టకండి, 45, 50 సీసీ మంచి రంపం చాలు. కొబ్బరి, తాడి, రోడ్డు చెట్లు, తుపాను పనులు చేసే ముఠాకి 70 సీసీ తరగతి తప్పదు, ఎంఎస్ 382 నా డబ్బుకి న్యాయం చేసింది.

నాన్నకి ఇప్పుడు చూపు తగ్గింది. మొన్న అరుగు మీద రంపం పెట్టి సాన పడుతుంటే వచ్చి, చైన్ మీద బొటనవేలు ఆనించి చూసి, "ఎడం వైపు పళ్లు పొట్టి చేసేశావ్" అన్నాడు. కొలిస్తే నిజమే. కుడిచేతి వాటం వల్ల ఒకవైపు ఎక్కువ నొక్కుతున్నాను, కోత వంకర పోతున్నది అందుకేనని అప్పటికిగానీ తెలియలేదు. వచ్చే వారం అంతర్వేది వైపు పదకొండు తాడిచెట్లు ఉన్నాయి. ఈలోగా పళ్లు సమం చేయాలి, 20 అంగుళాల బార్‌కి ఇంకో చైన్ తెప్పించాలి.